రెండు బకిళ్ళు

తూనీగ పేరు ఎవరైనా ఎత్తితే గొడుగులాయన ముందుగా పళ్ళ మధ్య ఉన్న సూది తీసి బల్ల మీద పెట్టేవాడు. తిట్టడానికి నోరు ఖాళీగా ఉండాలి కదా. తర్వాత కళ్ళజోడు తీసేవాడు. ఆ రెండూ అయ్యాక మొదలుపెడితే, ఎదుటివాడి చేతిలో టీ చల్లారి పొర కట్టేదాకా ఆపేవాడు కాదు.

"తూనీగట తూనీగ! తూనీగకైనా ఎక్కడ వాలాలో తెలుస్తుంది. వీడికి అదీ తెలీదు. నన్ను ముంచింది పగవాడైతే ఇంత మంట ఉండేది కాదు. పగవాడి అక్క మెడలో మనం తాళి కట్టం. వీడికి అన్నం పెట్టాం, పడుకోడానికి మంచం ఇచ్చాం, కట్టుకోడానికి గొడుగు ఇచ్చాం."

వినేవాడు ఎవరైనా "పోనీలెండి, మీ బావమరిదే కదా" అన్నాడా, ఇక ఆ పూటకి అతని పని అయిపోయినట్టే.

తూనీగ గొడుగులాయన భార్యకి తోడబుట్టిన తమ్ముడు. చిన్నప్పుడు రెండు చేతులూ చాచి, నోటితో జుయ్యిమని చప్పుడు చేస్తూ ఇంటి చుట్టూ తిరిగేవాడని ఆ అక్కే పెట్టిన పేరు. పెద్దయ్యాక నిజంగానే గాల్లో తిరగడం మొదలుపెట్టాడు. ఊరి బయట విమానాల క్లబ్బు ఒకటుంది. అక్కడివి జనాన్ని మోసే విమానాలు కావు. ఇద్దరు కూర్చుంటే నిండిపోయేవి, ఒళ్ళంతా ఇంజనే ఉన్నవి. నిటారుగా పైకి లేస్తాయి, తలకిందులుగా పోతాయి, బొంగరంలా గిరగిరా తిరుగుతూ దిగుతాయి. డబ్బున్నవాళ్ళు వాటిని నేర్చుకుంటారు. లేనివాళ్ళు కంచె అవతల నిలబడి మెడ పట్టేసేదాకా చూస్తారు. ఆ క్లబ్బులో తూనీగ పెద్ద పైలట్. కంచె అవతలి జనం చప్పట్లు కొట్టేది అతనికే.

గొడుగులాయన కూడా ఆ క్లబ్బులోనే పని చేసేవాడు. పైలట్లు వీపుకి కట్టుకునే పారాషూట్లని అక్కడ అందరూ గొడుగులే అంటారు. వాటిని విప్పి ఆరబెట్టడం, చిరుగులు చూడడం, తాళ్ళు చిక్కు తీయడం, మళ్ళీ మడత పెట్టి సంచిలో కూర్చి సీలు వేయడం అతని పని. చదువు ఏడో తరగతితో సరి. తండ్రి టెంట్లు కుట్టేవాడు. లెక్కల పరీక్ష నాడు ఒక పెళ్ళివారి పందిరి గుడ్డ అర్జంటుగా కావాల్సి వచ్చి కొడుకుని మిషన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆ కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. టెంటు గుడ్డ నుంచి గొడుగు గుడ్డకి రావడానికి అతనికి సగం జీవితం పట్టింది. క్లబ్బులో ఉన్న ముసలి మడతగాడి దగ్గర చాకిరీ చేసి, పరీక్ష రాసి, రెండుసార్లు తప్పి, మూడోసారి లైసెన్సు తెచ్చుకున్నాడు. రన్‌వే కంచెకి ఆనుకుని తండ్రి కొనిపెట్టిన కొద్దిపాటి నేల ఉంటే దాని మీద రేకుల షెడ్డు వేసి, లోపల పడవంత పొడుగు బల్ల చేయించుకున్నాడు. గొడుగు పూర్తిగా చాచి మడతపెట్టాలంటే అంత బల్ల కావాలి.

క్లబ్బు పని మొత్తం అతనికే ఇచ్చేముందు సెక్రటరీ జామీను అడిగాడు.

"నీ గొడుగు మోసం చేసి మా పైలట్ చస్తే మేం ఎవర్ని పట్టుకోవాలయ్యా?" అన్నాడు.

గొడుగులాయన గొప్పకి పోయాడు. "నా చేతిలోంచి పోయిన సామాను మోసం చేస్తే ఈ షెడ్డూ, దీని కిందున్న నేలా మీవే తీసుకోండి సార్" అని గుండె చరుచుకున్నాడు. సెక్రటరీ నవ్వి, ఆ మాటనే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. గొప్పలు నోటితో పోతే గాలికి పోతాయి. సంతకం పెట్టిన గొప్ప అలా పోదు.

అతని గొడుగులు మోసం చెయ్యలేదు. అతన్ని కాల్చింది వేరే సంగతి. గొడుగు ఎంత బాగా మడతపెట్టినా విమానంలోంచి బయటపడేది మనిషే. అది గొడుగు చేతుల్లో లేదు. ముసలి మడతగాడు అతనికి నేర్పిన అసలు విద్య అది. విమానం చెయ్యి దాటిపోయాక పైన ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఆలోచనంతా కిందే చేసేసుకుని పైకి వెళ్ళాలి. ఎంత ఎత్తు ఉంటే దూకాలి, ఎంత కిందికి వస్తే దూకకూడదు అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. గాజు మూత పీకి వదిలెయ్యాలి, చెవుల దగ్గర వైరు లాగెయ్యాలి, పొట్ట మీద ఉన్న సీటు పట్టీల బకిలు తిప్పాలి, రెక్క వెనకంచు మీదికి తల పెట్టి దూకాలి, దాటాక గొడుగు తెరిచే పిడి లాగాలి. ఇంతే. కానీ ఈ ఇంతని మనిషి కాదు, చేతులు చెయ్యాలి. చేతులు రోజూ ఏది చేస్తే ఆ వేళకీ అదే చేస్తాయి.

అందుకే గొడుగులాయన ఒక పద్ధతి పెట్టాడు. పైలట్ ఎవరైనా సరే, విమానం దిగేటప్పుడు సీటు బకిలు మాత్రమే తియ్యాలి. గొడుగు వీపున ఉంచుకునే కిందికి దిగాలి. గొడుగు పట్టీలకి ఛాతీ మీద ఒక కొక్కెం, తొడల దగ్గర రెండు ఉంటాయి. వాటిని షెడ్డులోకి వచ్చి అతని ముందు నిలబడితేనే విప్పాలి. విమానంలో కూర్చుని వాటి మీద చెయ్యి పడకూడదు. రోజూ కూర్చునే రెండూ విప్పడం అలవాటైతే, ప్రాణం మీదికి వచ్చిననాడు కూడా చేతులు రెండూ విప్పేస్తాయి. అప్పుడు మనిషి ఒకవైపు, గొడుగు ఒకవైపు.

పైలట్లకి ఇది నవ్వులాటైంది. వీపున మూటతో రన్‌వే దాటి షెడ్డుకి నడవాలంటే నామోషీ. తూనీగ అందరికంటే ముందు నవ్వాడు.

"బావా, పెళ్ళి రోజు మొగుడు పారిపోతాడేమోనని రోజూ పీటల మీద కట్టేసి ప్రాక్టీసు చేయించినట్టుంది నీ పద్ధతి" అన్నాడు ఒకరోజు, షెడ్డు గుమ్మానికి ఆనుకుని.

"పారిపోయే మొగుడికి ప్రాక్టీసు అక్కర్లేదురా. పట్టుబడేవాడికే కావాలి."

"మేం ఎగరడానికి వచ్చాం బావా, దూకడానికి కాదు."

"నువ్వు ఏం చెయ్యడానికి వచ్చావో విమానానికి తెలీదు. దానికి నువ్వు బావమరిదివని కూడా తెలీదు. మూట వీపున పెట్టుకుని నడవరా, నడుం వంగిపోదు."

మొదట్లో నడిచాడు. అక్క ఇంట్లో భోజనం చేసేవాడు కదా, మొహమాటం. తర్వాత ప్రదర్శనలు ఎక్కువయ్యాయి. ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కాలి, టిక్కెట్టు కొన్న జనం ఊరుకోరు. తూనీగ సెక్రటరీ దగ్గరికి పోయి, గొడుగు సీట్లోనే వదిలేస్తే వచ్చేవాడు అందులో చేతులు దూర్చుకుని కూర్చుంటాడు, ఎంతో టైము కలిసొస్తుంది అని చెప్పాడు. సెక్రటరీకి కావల్సింది అదే. మర్నాటి నుంచి గొడుగులు కుర్చీలో దిండ్లలా సీట్లలోనే పడి ఉండేవి. పైలట్లు ఇంజను ఆపగానే టకటకా పొట్ట బకిలు, ఛాతీ కొక్కెం, తొడ కొక్కేలు విప్పేసి చొక్కా విదిలించుకున్నట్టు లేచి వచ్చేవాళ్ళు. అందరికంటే వేగం తూనీగది. ఒంటి చేత్తో, పక్కవాడితో జోకులేస్తూ విప్పేవాడు.

గొడుగులాయన సెక్రటరీని అడిగాడు.

"మీవాడే చెప్పాడయ్యా. ఎగిరేది ఆయన. మడతపెట్టేవాడివి నీకేం తెలుస్తుంది?" అన్నాడు సెక్రటరీ.

ఆ రోజు నుంచి గొడుగులాయన బావమరిదితో మాట మానేశాడు. భోజనానికి వస్తే కంచం తీసుకుని పెరట్లోకి పోయేవాడు. భార్య ఇద్దరి మధ్యా గిన్నెలు మోసేది. "మీరు బావాబావమరుదులా, తోడికోడళ్ళా?" అని విసుక్కునేది.

ఒక పొద్దున తూనీగ ఒక్కడూ పైకి వెళ్ళాడు. ప్రదర్శన కాదు, సాధన. బాగా ఎత్తుకి పోయి, ముక్కు కిందికి పెట్టి దూసుకొచ్చి, మళ్ళీ పైకి లాగబోతే లాగుడు కర్ర చేతిలో ఊరికే వచ్చేసింది. తోక దాకా పోయే కడ్డీ ఎక్కడో విరిగింది. గొడుగులాయన షెడ్డు ముందు గుడ్డ ఆరేస్తున్నాడు. ఇంజను చప్పుడు మారడం విని తలెత్తాడు. చిన్న మెరుపు ముక్క కనిపించింది, అది గాజు మూత ఎగిరిపోవడం. తర్వాత నల్లగా ఒక చుక్క. విమానం నుంచి విడిపోయింది.

"లాగరా" అన్నాడు. ఎవరితో మాట మానేశాడో మర్చిపోయాడు. "లాగు, లాగు, లాగరా నాయనా!"

గొడుగు తెరుచుకుంది. తెల్లగా, గుండ్రంగా, ఏ మడత దగ్గరా చిక్కు లేకుండా తెరుచుకుంది. కానీ దాని కింద మనిషి నిలువుగా లేడు. పక్కకి ఒరిగి, చెట్టుకి వేలాడేసిన గోతాంలా తిరుగుతున్నాడు. విమానం పోయి దూరాన దున్నిన చేలో గుచ్చుకుంది. అక్కడ ఎవరూ లేరు. తూనీగ దానికి ఇవతల పడ్డాడు.

అందరికంటే ముందు గొడుగులాయనే చేరాడు. తూనీగ మట్టిలో బోర్లా పడి మూలుగుతున్నాడు. తొడ కొక్కేలు రెండూ బిగిసే ఉన్నాయి. ఒక భుజం మీది పట్టీ జారిపోయి మోచేతికి వచ్చింది. ఛాతీ కొక్కెం విప్పి ఉంది. విరగలేదు, తెగలేదు. పొట్ట బకిలు తిప్పిన చెయ్యి అదే ఊపులో పైకి వెళ్ళి దాన్నీ విప్పేసింది, కింది వాటికి చేరేలోగా గాలి మనిషిని లాగేసింది. గొడుగులాయనకి అక్కడికక్కడే అర్థమైంది. అర్థమై, నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, బావమరిది మెడ కింద తన చొక్కా తీసి పెట్టాడు.

భుజం ఎముకా తుంటి ఎముకా విరిగాయి. ఆస్పత్రిలో తూనీగ కళ్ళు తెరిచాక సెక్రటరీ అడిగాడట, ఏం జరిగిందని. "అన్నీ సరిగానే చేశాను. ఛాతీ కొక్కెం దానంతటదే ఊడింది" అన్నాడట తూనీగ.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని గొడుగులాయన షెడ్డులో వచ్చినవాడికల్లా చెప్పాడు. కానీ మద్దెల ఓడని క్లబ్బు నమ్మింది. నమ్మడంలో దానికి లాభముంది. తప్పు పైలట్‌దైతే గొడుగులు సీట్లో వదిలెయ్యమన్న సెక్రటరీ మెడకి కూడా చుట్టుకుంటుంది. తప్పు కొక్కేనిదైతే మడతగాడితో పోతుంది, పైగా కాగితం ఉండనే ఉంది.

దర్యాప్తుకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చెడ్డ మనిషి కాదు. షెడ్డంతా తిరిగి చూసింది, బల్ల మీద చెయ్యి వేసి చూసింది, అతను వేసిన టీ తాగింది.

"కొక్కెం స్ప్రింగు కొంచెం వదులుగా ఉందని పరీక్షలో తేలింది. మీరేమంటారు?" అంది.

"మట్టిలో పడి, మనిషి బరువంతా మీద పడ్డాక ఏ స్ప్రింగైనా వదులవుతుందమ్మా. వాడి చేతులే విప్పాయి. ఆ చేతులు రోజూ చేసే పని అది."

"ఆయన విప్పలేదంటున్నారు."

"వాడు చెప్పేది వాడి నోరు. నేను చెప్పేది వాడి చేతుల సంగతి. వాడి ఎముకలు అతికాక ఒకసారి అదే రకం విమానంలో కూర్చోబెట్టండి. గొడుగు కట్టండి. మాటల్లో పెట్టి, ఉన్నట్టుండి దూకమని అరవండి. చేతులు ఎక్కడికి పోతాయో మీరే చూడండి. ముందుగా మాత్రం చెప్పకండి."

ఆఫీసరమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "అలాగే చేద్దాం. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనివ్వండి" అంది.

గొడుగులాయన ఆ మాట ఆఫీసరమ్మ దగ్గర నిలబెట్టుకున్నాడు. ఇంటి దగ్గర నిలబెట్టుకోలేకపోయాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, ఎన్నో రోజుల తర్వాత ఆకలేసినట్టు తిన్నాడు. భార్య మారు వడ్డించబోతూ, "ఏంటి సంగతి, మొహం వెలుగుతోంది?" అంది.

భార్యే కదా. చెప్పేశాడు. చెప్పడమే కాదు, ఎడమ చేత్తో చేసి చూపించాడు కూడా.

"ఇదిగో, పొట్ట దగ్గర ఇలా తిప్పుతాడు. వెంటనే చెయ్యి ఇలా పైకి వస్తుంది, ఛాతీ కొక్కెం మీదికి. రాకుండా ఉండదు. అలవాటు. నేర్చినవాడైతే చెయ్యి తిన్నగా గుండె మీదికి పోనిస్తాడు, పిడి ఉండేది అక్కడ. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఇక మీదట ఇలా చెప్తాను, చెయ్యి గుండె మీద, కొక్కెం మీద కాదు అని. బాగుందా మాట?"

"బాగుంది" అంది ఆమె. "వాడు తప్పు చేశాడని తేలితే ఏం చేస్తారు వాణ్ణి?"

"ఏం చేస్తారు? లైసెన్సు పీకుతారు. మళ్ళీ ఎగరనివ్వరు. ఎముకలు అతికాక నేల మీద నడవమను. నేనూ నేల మీదే నడుస్తున్నాను ఇన్నాళ్ళూ."

"మనకో?"

"మనకి షెడ్డు మిగుల్తుంది. పేరు మిగుల్తుంది."

ఆమె గరిటె గిన్నెలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "మజ్జిగ పొయ్యనా?" అంది. అతను పొయ్యమన్నాడు.

అనుకున్న రోజు వచ్చింది. విమానాన్ని పచ్చిక అంచున నిలబెట్టారు. సెక్రటరీ, ఇద్దరు ముగ్గురు పైలట్లు, ఆఫీసరమ్మ, ఆమె వెంట ఫోటోలు తీసేవాడు. రెక్క పక్కన గొడుగులాయన. తూనీగ చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. ఒళ్ళు సగమైపోయింది. బావని చూసి ఆగాడు.

"బాగున్నావా బావా?"

"బాగుంచావుగా" అన్నాడు గొడుగులాయన.

తూనీగ తల దించుకున్నాడు. గొడుగులాయనే వంగి పట్టీలు బిగించాడు, వేరేవాళ్ళకి ఆ పని రాదు కనక. ఛాతీ కొక్కెం అతని చేతిలో టక్కుమంది. అంత దగ్గరగా ఉంటే బావమరిది గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తోంది. కూర్చోబెట్టి సీటు బకిలు పెట్టారు. ఆఫీసరమ్మ రెక్క మీద మోచెయ్యి ఆనించి, నింపాదిగా మాట్లాడడం మొదలుపెట్టింది. మొదటిసారి ఎప్పుడు ఎగిరారు, భయం వెయ్యలేదా, ఇంట్లో వాళ్ళు వద్దనలేదా అని. తూనీగ చెప్తున్నాడు. అక్కే ఒప్పించిందని చెప్తున్నాడు. నవ్వాడు కూడా.

మాట మధ్యలో ఆవిడ గట్టిగా అరిచింది. "దూకండి!"

తూనీగ ఎడమ చెయ్యి మూత పిడి మీద పడింది. మూత పోయింది. కుడి చెయ్యి చెవి దగ్గర వైరు లాగింది. పొట్ట దగ్గరికి వచ్చి బకిలు తిప్పింది. సీటు పట్టీలు విడిపోయాయి. అప్పుడు ఆ చెయ్యి పైకి లేచింది. చెయ్యి కొక్కెం దాకా వచ్చింది. వేళ్ళు వంకరపోయాయి కూడా, విప్పడానికి పోయినట్టే. అక్కడ ఆగింది. అరచెయ్యి చాపి, ప్రమాణం చేసినట్టు తిన్నగా గుండె మీద పిడి మీదికి పోయింది. తూనీగ తల రెక్క వెనకంచు వైపు పెట్టి, కుంటి కాలు ఈడ్చుకుంటూ జారి, గొడుగుతో సహా పచ్చిక మీద పడ్డాడు. ఏ పైలటూ ఇంత శుభ్రంగా చెయ్యగా గొడుగులాయన చూడలేదు. తను నేర్పిన పద్ధతి పొల్లు పోకుండా అలాగే ఉంది.

రెక్క పక్కన ఉన్నవాడు గనక అతనికి ఇంకొకటి కూడా వినపడింది. చెయ్యి గాల్లో ఆగిన ఆ క్షణంలో తూనీగ పెదాల మధ్య గొణుక్కున్నాడు. "గుండె మీద, కొక్కెం మీద కాదు."

ఆ మాట లోకంలో ఒక్క మనిషికే చెప్పాడు తను. కంచం ముందు కూర్చుని, ఎంగిలి చెయ్యి ఆరిపోయేదాకా.

సెక్రటరీ చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. తూనీగని ఇద్దరు లేవదీశారు. ఆఫీసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని గొడుగులాయన దగ్గరికి వచ్చింది.

"మీరు చెప్పినట్టే చేశాను. ఆయన చెయ్యి కొక్కెం మీద పడలేదు. ఏమంటారు?"

"ఆగింది కదమ్మా. ఆగడం చూశారు కదా. వాడికి ఎవరో ముందే చెప్పారు."

"నేను చెప్పలేదు. మీరు ఎవరికైనా చెప్పారా?"

గొడుగులాయన నోరు తెరిచాడు. ఆవిడ అతని మొహంలోకే చూస్తోంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఎవరికి చెప్పాడో ఒక్క మాట అంటే చాలు. అంటే ఆవిడ ఇంటికి వస్తుంది. పెరట్లో గుడ్డలు ఆరేస్తున్న మనిషిని పిలిచి, దర్యాప్తులో వేలు పెట్టావా, నీ తమ్ముడికి దొంగచాటుగా నేర్పావా అని అడుగుతుంది. రాసుకుంటుంది. ఆ రాసినదాని మీద ఆమె సంతకం పెట్టాలి. భార్య సంతకం పెట్టడం అతను ఒక్కసారే చూశాడు, పెళ్ళి రిజిస్టరులో, నాలుక కొరుక్కుంటూ ఒక్కో అక్షరం.

"చెప్పండి. పేరు చెప్తే నేను మళ్ళీ విచారిస్తాను" అంది ఆఫీసరమ్మ.

పచ్చిక మీద తూనీగ కూడా ఇటే చూస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఎవరికీ చెప్పలేదమ్మా" అన్నాడు గొడుగులాయన. "నేనే పొరబడ్డాను."

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు, లేవలేదు. అతను చెప్పులు విప్పి, అరుగు మీద ఆమెకి ఎడంగా కూర్చున్నాడు.

"కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలే?" అన్నాడు.

"మీరు అడిగితే చెప్పేదాన్ని. దాచాలని లేదు నాకు."

"ఎప్పుడు చెప్పావు వాడికి?"

"మీరు మజ్జిగ తాగి పడుకున్నాక వెళ్ళాను. రోజూ వెళ్ళి చేయించాను. వాడి మంచం మీదే, దిండుకి నాడాలు కట్టి."

అతనికి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట వచ్చింది కనక అది బయటికి వికారంగా వచ్చింది. "నేను నేర్పితే నామోషీ. అక్క నేర్పితే నేర్చుకున్నాడు. ఈ బుద్ధి ముందే ఉంటే వాడి ఎముకలూ మిగిలేవి, నా షెడ్డూ మిగిలేది."

"వాడికి నిజంగా గుర్తులేదండీ. ఆస్పత్రిలో నన్నే అడిగాడు, అక్కా, నేనే విప్పేశానా అని. ఏడ్చాడు. నేను కాదురా అన్నాను. కాదంటేనే నిద్రపోయాడు."

"అంటే నీకు తెలుసు."

"మీరు అబద్ధం చెప్పరని తెలుసు."

అది మెప్పో దెబ్బో అతనికి తేలలేదు. ఎదురింటి మనిషి మెట్లు కడుగుతూ పలకరించింది. ఇద్దరూ తలూపారు.

"షెడ్డు పోతే మీకు ఇంట్లో కుట్టుమిషను ఉంది" అంది ఆమె చివరికి. "చేతిలో పని ఉంది. వాడికి ఆకాశం తప్ప ఇంకేం రాదు. మీకు కోపమొస్తే నన్ను తిట్టండి, కొట్టండి, పుట్టింటికి పొమ్మనండి. పుట్టింట్లో ఉన్నది కూడా వాడే."

"నా పేరో? దానికి ఇంట్లో ఇంకో మిషను ఉందా?"

ఆమె లేచి లోపలికి వెళ్ళి దీపం వేసింది. అతను తిట్టలేదు, కొట్టలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు. మర్నాడు తిన్నాడు. కడుపుకి సిగ్గు ఉండదు.

దర్యాప్తు తేల్చింది, తప్పు ఛాతీ కొక్కెం స్ప్రింగుదని. దాన్ని సరిగా చూడనందుకు మడతగాడి లైసెన్సు రద్దు చేశారు. తూనీగ మళ్ళీ ఎగురుతున్నాడు. ప్రమాదం నుంచి బుద్ధి తెచ్చుకున్న క్లబ్బు ఇప్పుడు ఒక నియమం పెట్టింది. ఎవరూ విమానంలో కూర్చుని గొడుగు పట్టీలు విప్పకూడదు, వీపున మూటతోనే దిగి నడవాలి. కొత్తగా వచ్చే పైలట్లకి దాన్ని తూనీగే దగ్గరుండి నేర్పుతాడు. చెయ్యి గుండె మీద, కొక్కెం మీద కాదు అని చెప్తాడట. క్లబ్బులో అందరూ దాన్ని తూనీగ పద్ధతి అంటారు.

ఈ మాట గొడుగులాయనకి మోసుకొచ్చినవాడు నవ్వుతూనే చెప్పాడు. గొడుగులాయన సూది తీసి బల్ల మీద పెట్టాడు, కళ్ళజోడు తీశాడు. ఎంతసేపటికీ తిట్టు రాలేదు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, కుడుతున్న టెంటు అంచు దగ్గరికి లాక్కున్నాడు.

జామీను కింద పోయిన నేలా షెడ్డూ కొలవడానికి సెక్రటరీ ఒక మనిషిని పంపిననాడు టేపు రెండో కొస పట్టుకునేవాడు లేక, అతన్నే పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. కంచె వెంబడి పద్దెనిమిది గజాలు, లోపలికి పన్నెండు. మొత్తం రెండువందల పదహారు చదరపు గజాలు, దాని మీద రేకుల షెడ్డు, షెడ్డులో బల్ల.